ధరలు పెరుగుతున్నాయనే భయం మార్కెట్‌ను పట్టుకున్నప్పుడు మీ డబ్బును ఎలా చూసుకోవాలి

2022 మే 4, బుధవారం. రిజర్వ్ బ్యాంక్ ముందుగా ప్రకటించిన సమావేశం ఏదీ ఆ రోజు లేదు. అయినా మధ్యాహ్నం రెండు గంటలకు గవర్నర్ శక్తికాంత దాస్ టీవీలో కనిపించి, బ్యాంకులకు తామిచ్చే అప్పు మీద వసూలు చేసే వడ్డీని, అంటే రెపో రేటును, 4 శాతం నుంచి 4.40 శాతానికి పెంచుతున్నామని చెప్పారు. సాయంత్రానికి సెన్సెక్స్ 1,300 పాయింట్లకు పైగా పడిపోయింది.

ఆ రాత్రి మా బాబాయి ఫోన్ చేశారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరుగా రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో 12 లక్షలు అంతకు ఏడాది ముందు ఒక గిల్ట్ ఫండ్‌లో, అంటే ప్రభుత్వ బాండ్లు కొనే మ్యూచువల్ ఫండ్‌లో పెట్టారు. "నాన్నా, ఇవి గవర్నమెంటు బాండ్లే కదా. షేర్లు కాదు కదా. మరి ఇది కూడా ఎందుకు తగ్గుతోంది?" అని అడిగారు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఆ డబ్బు మా చెల్లి పెళ్లికి. ముహూర్తం అదే ఏడాది చివర్లో. ఆగే వీలు లేక జూన్‌లో తీసేశారు. పెట్టినదానికంటే దాదాపు 40 వేలు తక్కువ వచ్చింది. ఏడాది వడ్డీ పోగా, పైన అసలు కూడా పోయింది.

ఆయన ప్రశ్నకు ఆ రోజు ఫోన్లో సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఒక్కో అడుగు చొప్పున చెబుతాను. మళ్లీ ధరల వార్తలతో మార్కెట్లు ఊగినప్పుడు మీరు దీన్ని వరసగా పాటించవచ్చు.

మొదటి అడుగు: పెరిగింది ఏ ధరో చూడండి

"ద్రవ్యోల్బణం 7 శాతం దాటింది" అనే హెడ్డింగు చూడగానే కంగారు పడొద్దు. ఏ సరుకు వల్ల దాటింది అన్నదే అసలు ప్రశ్న.

2023 జులై గుర్తుందా? మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద దాటి పరుగెత్తింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. జనం పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడ్డారు. ఆ నెల దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం. 2022 ఏప్రిల్లో అది 7.79 శాతం. రెండు అంకెలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. కానీ 2022లో రిజర్వ్ బ్యాంక్ వరసపెట్టి వడ్డీ పెంచింది. 2023 ఆగస్టులో, అక్టోబరులో రెపోను 6.50 దగ్గరే ఉంచేసింది.

తేడా ఎక్కడుందంటే, టమాటా మూడు నెలల పంట. ధర పెరగగానే రైతులందరూ అదే వేస్తారు, కొత్త పంట రాగానే ధర కూలిపోతుంది. ఆ ఏడాది సెప్టెంబరుకు జరిగింది అదే. వడ్డీ పెంచినంత మాత్రాన టమాటా తొందరగా కాయదు. 2022లో పెరిగింది వేరే రకం సరుకు. రష్యా ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదికి వెళ్లాక మార్చిలో బ్రెంట్ ముడిచమురు పీపా 139 డాలర్ల దాకా పోయింది. ఉక్రెయిన్ నుంచి వచ్చే సన్‌ఫ్లవర్ నూనె ఆగింది. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులే ఆపేసింది. డీజిల్ పెరిగితే లారీ కిరాయి పెరుగుతుంది, దాంతో లారీలో వచ్చే ప్రతి సరుకూ పెరుగుతుంది. అలాంటి పెరుగుదల ఇంటద్దెల్లోకి, జీతాల్లోకి, ఫీజుల్లోకి పాకుతుంది. రిజర్వ్ బ్యాంక్ భయపడేది దానికే. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచాలి, అటూ ఇటూ 2 శాతం దాకా ఫర్వాలేదు అన్నది చట్ట ప్రకారం దానికున్న బాధ్యత.

కాబట్టి వార్త చదివేటప్పుడు ఆహారం, ఇంధనం తీసేస్తే మిగిలే "కోర్" అంకె ఎంతో వెతకండి. అదీ పెరుగుతుంటే వడ్డీ పెరిగే అవకాశం ఎక్కువ. కూరగాయలు మాత్రమే పెరిగితే ఆ వారం మార్కెట్ కాస్త ఊగినా దాని మీద నిర్ణయాలు తీసుకోవద్దు.

రెండో అడుగు: మార్కెట్ ముందే ఏం అనుకుందో తెలుసుకోండి

చాలామందికి ఇక్కడే అయోమయం. ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. 2022 ఆగస్టు 10న అమెరికాలో ద్రవ్యోల్బణం 8.5 శాతం అని వచ్చింది. మార్కెట్ 2 శాతం పెరిగింది. సెప్టెంబరు 13న 8.3 శాతం అని వచ్చింది, అంటే తగ్గింది. అయినా ఆ రోజు ఎస్ అండ్ పీ 500 సూచీ 4 శాతానికి పైగా కుప్పకూలింది.

ఆగస్టులో అందరూ 8.7 వస్తుందనుకున్నారు, 8.5 వచ్చింది. సెప్టెంబరులో 8.1 అనుకున్నారు, 8.3 వచ్చింది. అంచనాకు, వచ్చిన అంకెకు మధ్య తేడాకే మార్కెట్ స్పందిస్తుంది, ఎందుకంటే ఆ అంచనా అప్పటికే ధరల్లో ఉంటుంది. సంబంధం ఖాయమైపోయిన ఇంట్లో "మీ అమ్మాయికి సంబంధం వచ్చింది" అని చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు కదా.

మన దేశంలో ఈ అంకె ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో సాయంత్రం 4 గంటలకు వస్తుంది. అప్పటికి మన మార్కెట్ మూసేసి ఉంటుంది. అమెరికా అంకె మన టైం ప్రకారం వాళ్ల వేసవిలో సాయంత్రం 6కి, చలికాలంలో 7కి వస్తుంది. మనకు అదీ ముఖ్యమే. అక్కడ వడ్డీ పెరిగితే విదేశీ మదుపరులు ఇక్కడ షేర్లు అమ్మి డబ్బు వెనక్కి తీసుకెళతారు, రూపాయి బలహీనపడుతుంది. 2022 మొదట్లో డాలరుకు 74 రూపాయలు ఉన్నది అక్టోబరుకు 83 దాకా వెళ్లింది. ఆ రెండు సాయంత్రాలూ క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. ఆ రాత్రి, మర్నాడు పొద్దున్న కొనడం, అమ్మడం పెట్టుకోకండి.

మూడో అడుగు: మీ ఇంటి ద్రవ్యోల్బణం లెక్క కట్టండి

ప్రభుత్వ అంకె దేశం మొత్తానికి సగటు. మీ ఇంటిది వేరు. 2012ను ఆధారంగా తీసుకున్న పాత లెక్కలో తిండి, పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. మీ ఇంట్లో తిండి ఖర్చు పావు వంతు, పిల్లల ఫీజులు మరో పావు వంతు అయితే ఆ సగటు మీకు సరిపోదు.

మా అమ్మ దగ్గర దీనికి మంచి సాధనం ఉంది. వంటింటి తలుపు పక్కన వేలాడే తెలుగు క్యాలెండర్. గ్యాస్ బండ వచ్చిన తేదీ, దాని ధర, పాల ప్యాకెట్ల లెక్క, చాకలి పద్దు, బియ్యం బస్తా ఎప్పుడు దించారో, ఎంతకు దించారో అన్నీ ఆ చిన్న గళ్లలో నీలిరంగు పెన్నుతో ఉంటాయి. ఏడాది అయిపోయినా పారేయదు, మేకు మీద ఒకదాని వెనక ఒకటి అలాగే ఉంటాయి. పోయినేడాది మార్చి కాగితం, ఈ ఏడాది మార్చి కాగితం పక్కపక్కన పెట్టాను. అవే సరుకులకు, అంతే పరిమాణానికి అప్పుడు 32,000 అయింది, ఇప్పుడు 34,180. పెరిగింది 2,180. అంటే దాదాపు 6.8 శాతం.

మీరూ అలా చేయండి. క్యాలెండర్ లేకపోతే ఫోన్‌పే, గూగుల్ పే పేమెంట్ల లిస్టు, కిరాణా బిల్లులు చాలు. ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు, మందుల ఖర్చులు ఏడాది మొత్తం కూడి 12తో భాగించి కలపండి. ఒక జాగ్రత్త: కొత్త టీవీ కొన్నారు కాబట్టి ఖర్చు పెరిగింది అనేది ఇందులోకి రాకూడదు. అదే సరుకు, అదే పరిమాణం. బిస్కెట్ ప్యాకెట్ అయిదు రూపాయలకే వస్తున్నా గ్రాములు తగ్గితే అదీ ధర పెరిగినట్టే. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి.

ఇప్పుడు ఈ అంకెను మీ ఎఫ్‌డీ పక్కన పెట్టండి. 5 లక్షలు 6.5 శాతానికి వేస్తే ఏడాదికి 32,500 వస్తుంది. 20 శాతం శ్లాబులో ఉంటే పన్ను (సెస్ కాకుండా) 6,500 పోగా మిగిలేది 26,000. పోయినేడాది 5 లక్షలకు వచ్చే సరుకులు ఈ ఏడాది కొనాలంటే 6.8 శాతం లెక్కన 34,000 అదనంగా కావాలి. పాస్‌బుక్‌లో డబ్బు పెరిగింది, కానీ నిజంగా మీరు 8,000 వెనకబడ్డారు. మదుపరులు ధరల వార్తకు ఉలిక్కిపడేది ఈ లెక్క వల్లే. పెద్ద ఫండ్ మేనేజర్ అయినా, మీరైనా వేసుకునే లెక్క ఇదే.

నాలుగో అడుగు: ప్రతి మొత్తం పక్కనా ఒక తేదీ రాయండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మా బాబాయికి జరిగిన నష్టం ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే. ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ దగ్గరున్న డబ్బంతా, అంటే ఎఫ్‌డీలు, పీఎఫ్, ఫండ్లు, షేర్లు, చిట్టీలు అన్నీ ఒక్కో లైనుగా రాయండి. ప్రతి లైను ఎదురుగా ఆ డబ్బు మీకు ఏ నెలలో, ఏ సంవత్సరంలో అవసరమో రాయండి. "ఎప్పుడో ఒకప్పుడు" అని రాయొద్దు. "2027 జూన్, ఇంజనీరింగ్ ఫీజు" అని రాయాలి.

తేదీ ఏడాదిన్నర లోపు ఉంటే సేవింగ్స్ ఖాతా, చిన్న ఎఫ్‌డీలు, లిక్విడ్ ఫండ్ (కొన్ని వారాల్లో గడువు తీరే అప్పు పత్రాలు కొనే ఫండ్). వడ్డీ తక్కువైనా సరే. ఈ డబ్బు ధరలతో పోటీ పడక్కర్లేదు, ఆ రోజు చేతిలో ఉంటే చాలు.

ఏడాదిన్నర నుంచి అయిదేళ్ల మధ్య డబ్బుకు ఎఫ్‌డీలను మెట్లలాగా వేయండి. 5 లక్షలుంటే లక్ష చొప్పున ఏడాదికి, రెండేళ్లకు, మూడేళ్లకు, నాలుగేళ్లకు, అయిదేళ్లకు. ఏటా ఒకటి చేతికొస్తుంది. వడ్డీలు పెరిగితే కొత్త రేటు దొరుకుతుంది, తగ్గితే మిగతా నాలుగు పాత రేటులో భద్రంగా ఉంటాయి. 2025 ఫిబ్రవరి నుంచి రెపో మళ్లీ తగ్గుతూ జూన్‌కు 5.50కి వచ్చినప్పుడు, 2023లో అయిదేళ్లకు వేసుకున్నవాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

ఏడేళ్లు దాటిన డబ్బుకే షేర్లు, ఈక్విటీ ఫండ్లు.

అరవై దాటినవాళ్లు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌ను ముందు చూడండి. 2023 ఏప్రిల్ నుంచి పరిమితి 30 లక్షలకు పెంచారు, వడ్డీ అప్పటి నుంచి 8.2 శాతం అయింది. రేటును ప్రతి మూడు నెలలకూ సమీక్షిస్తారు కాబట్టి మీరు చేరే రోజున ఎంతో పోస్టాఫీసులో కనుక్కోండి. చేరిన రోజు రేటే అయిదేళ్లూ ఉంటుంది. ధరలతో పాటు వడ్డీ కూడా కదలాలనుకుంటే రిజర్వ్ బ్యాంక్ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లు ఉన్నాయి. పోస్టాఫీసు జాతీయ పొదుపు పత్రం (ఎన్ఎస్‌సీ) రేటుకు 0.35 కలిపి జనవరి 1న, జులై 1న మారుస్తారు. 2022 చివర 7.15 ఉన్నది 2023 జులైకి 8.05 అయింది. కానీ ఏడేళ్లు కట్టేసినట్టే, ముందుగా తీసుకునే వీలు పెద్ద వయసువాళ్లకు మాత్రమే ఉంది.

అయిదో అడుగు: బాండ్ ఎందుకు పడుతుందో ఒక్కసారి లెక్క వేసి చూడండి

బాబాయి ప్రశ్నకు జవాబు ఇది. మీ దగ్గర 100 రూపాయల బాండ్ ఉంది. ఏటా 7 రూపాయలు ఇస్తుంది, ఇంకా పదేళ్లు గడువు. ధరలు పెరిగాయని వడ్డీలు పెంచారు, ఇప్పుడు కొత్త పదేళ్ల బాండ్ 8 రూపాయలిస్తోంది. మీ పాతదాన్ని 100కి ఎవరు కొంటారు? 93 రూపాయల 29 పైసలకు ఇస్తేనే కొనేవాడికి కొత్తదానితో సమానం. అదే బాండుకు గడువు ఏడాదే ఉంటే 99 రూపాయల 7 పైసలకు పోతుంది. ప్రభుత్వం ఎగ్గొట్టదు, అది నిజం. కానీ మధ్యలో అమ్మాలనుకుంటే ధరకు గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. గడువు ఎంత దూరంగా ఉంటే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

బాండ్లు కొనే డెట్ ఫండ్లో ఇది తెలుసుకోవడం తేలిక. నెలనెలా వచ్చే ఫ్యాక్ట్‌షీట్లో "మాడిఫైడ్ డ్యూరేషన్" అనే అంకె ఉంటుంది. అది 7 అయితే, వడ్డీలు 1 శాతం పెరిగినప్పుడు ఎన్ఏవీ (ఫండ్‌లో ఒక యూనిట్ విలువ) దాదాపు 7 శాతం తగ్గుతుంది. మీ కాగితం మీద రాసిన తేదీ ఎన్నేళ్ల దూరంలో ఉందో, ఈ అంకె అంతకంటే తక్కువ ఉండాలి. బాబాయికి డబ్బు ఏడాదిన్నరలో కావాలి, ఫండ్ డ్యూరేషన్ ఏడుకు దగ్గర. ముందే చూసుంటే ఆ ఫారం మీద సంతకం పెట్టేవారు కాదు.

ఆరో అడుగు: మదుపు కంటే ముందు అప్పు

హోమ్ లోన్ ఉన్నవాళ్లకు ధరల భయం మొదట తగిలేది ఇక్కడ. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ హోమ్ లోన్లు ఎక్కువగా రెపోకు ముడిపడి ఉన్నాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.50కి పెరిగింది.

30 లక్షలు, 20 ఏళ్లు, 6.75 శాతం అనుకోండి. ఈఎంఐ 22,811. అదే 9.25 అయితే 27,476 కావాలి. చాలా చోట్ల బ్యాంకు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించింది, అందుకే చాలామందికి తెలియనే లేదు. కానీ 30 లక్షల మీద 9.25 శాతం లెక్కన ఒక్క నెల వడ్డీయే 23,125. పాత ఈఎంఐ కంటే ఎక్కువ! అసలు తీరకపోగా పెరుగుతుంది. అందుకే రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టు 18న ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కలపాలా అన్నది కస్టమర్ ఎంచుకోవచ్చు. అసలు పెరిగిపోయే పరిస్థితి రాకూడదు.

మీ లోన్ స్టేట్‌మెంట్ తీసి మిగిలిన నెలలు ఎన్నో చూడండి. రిటైర్మెంట్ దాటి పోతుంటే బ్రాంచికి వెళ్లి ఈఎంఐ పెంచమని రాసివ్వండి. 9.25 శాతం అప్పు కొంత తీర్చడం అంటే, రిస్క్ లేకుండా, పన్ను లేకుండా 9.25 శాతం సంపాదించినట్టే. అంత ఖాయంగా ఇచ్చే ఎఫ్‌డీ మీకు దొరకదు.

ఏడో అడుగు: షేర్ల విషయంలో చేయాల్సినవి, చేయకూడనివి

నెలనెలా ఫండ్‌లో కట్టే సిప్ ఆపొద్దు. 2022 జూన్ 17న సెన్సెక్స్ 51,360 దగ్గర ముగిసింది. నవంబరు 30కి 63,000 దాటింది. ఈ మధ్యలో ధరలు చల్లబడ్డాయా? అంతగా లేదు. ద్రవ్యోల్బణాన్ని మూడు త్రైమాసికాలు వరసగా 6 శాతం లోపు ఉంచలేకపోయినందుకు ప్రభుత్వానికి సంజాయిషీ రాయడానికి రిజర్వ్ బ్యాంక్ కమిటీ ప్రత్యేకంగా కూర్చున్నది అదే నవంబరు 3న. ధరలు పూర్తిగా దిగాక కొందామని ఆగినవాళ్లు ఆ పెరుగుదల మొత్తం పోగొట్టుకున్నారు.

విడిగా షేర్లు కొనేవాళ్లయితే కంపెనీ త్రైమాసిక ఫలితాల్లో రెండు చూడండి: అమ్మిన పరిమాణం పెరిగిందా, గ్రాస్ మార్జిన్ (అమ్మకాల్లో ముడిసరుకు ఖర్చు పోగా మిగిలే వాటా) నిలబడిందా. పెయింట్లు, టైర్ల కంపెనీలకు ముడిసరుకు ముడిచమురు నుంచే వస్తుంది. అది పెరిగినప్పుడు ధర పెంచినా డీలరు పక్క కంపెనీకి పోకుండా ఉంటే ఆ కంపెనీ గట్టిది. అమ్మకాలు 15 శాతం పెరిగాయని చెప్పి, అదంతా ధర పెంచడం వల్లే వచ్చి ఉంటే సంతోషపడాల్సింది లేదు. లాభాలు ఎప్పుడో పదేళ్ల తర్వాత వస్తాయనే ఆశతో ఎక్కువ ధర పలికే షేర్లు వడ్డీలు పెరిగినప్పుడు ముందు పడతాయి. పైన చెప్పిన పదేళ్ల బాండ్ లెక్కే వీటికీ వర్తిస్తుంది.

బంగారం గురించి ఒక్క మాట. ధరలు పెరిగితే బంగారం తప్పక పెరుగుతుందని మనవాళ్ల నమ్మకం. 2022లో డాలర్లలో బంగారం ఏడాది మొదట్లో ఎక్కడుందో దాదాపు అక్కడే ముగిసింది. మనకు లాభం కనబడింది ముఖ్యంగా రూపాయి పడడం వల్ల, జులై 1న దిగుమతి సుంకం 7.5 నుంచి 12.5 శాతానికి పెంచడం వల్ల. పదో వంతు ఉంచుకోండి, అంతకు మించి వద్దు. నగల్లో తరుగు, మజూరీ పోతాయని మీకు చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఐ-బాండ్లు ఇలాంటప్పుడు పనికొస్తాయి. వడ్డీ ద్రవ్యోల్బణంతో పాటే మారుతుంది. 2022 మే నుంచి అక్టోబరు మధ్య కొన్నవాటికి మొదటి ఆరు నెలలూ 9.62 శాతం వార్షిక రేటు వచ్చింది. మనిషికి ఏడాదికి 10,000 డాలర్లే పరిమితి, మొదటి ఏడాది తీయడం కుదరదు.

చివరి అడుగు: అమ్మానాన్నలతో బ్యాంకుకు వెళ్లండి

రిటైరైన పెద్దవాళ్ల చేతిలో ఒకేసారి పెద్ద మొత్తం పడుతుంది. కౌంటర్ దగ్గర పరిచయమున్న అబ్బాయి "సార్, ఎఫ్‌డీ కంటే బాగుంటుంది, గవర్నమెంటుదే" అంటే నమ్మేస్తారు. వాళ్లను తప్పు పట్టొద్దు, పక్కన కూర్చోండి. ఫారం ముందుకు జరిపినప్పుడు మీరు అడగండి: "ఈ ఫండ్ మాడిఫైడ్ డ్యూరేషన్ ఎంత? వడ్డీలు 1 శాతం పెరిగితే మా 12 లక్షలు ఎంత అవుతాయి? పెళ్లి ఫలానా నెలలో, ఆ రోజు తీస్తే ఎంత చేతికొస్తుందో చెప్పగలరా? 2022 జూన్‌లో దీని ఎన్ఏవీ ఎంతుంది, అంతకు ఏడాది ముందు ఎంతుంది?" ఆ అంకెలు ఫారం వెనక పెన్నుతో రాసిమ్మనండి. రాసిచ్చాక ఇంటికి తీసుకొచ్చి, తేదీలు రాసుకున్న మీ కాగితం పక్కన పెట్టి చూడండి. సంతకం మర్నాడు పెట్టవచ్చు.